ఏకాదశి ఉపవాసం, ద్వాదశి అవిసాకు, ఐఎన్ఆర్ పుస్తకం

మా పెద్దమ్మ చెన్నైలో, తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి కోవెలకు రెండు వీధుల అవతల ఉంటుంది. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం ఆమె గుండెలోని మైట్రల్ కవాటాన్ని పాడుచేయడంతో, నడివయసులో దాన్ని తీసి యాంత్రిక కవాటం అమర్చారు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం రక్తం గడ్డకట్టకుండా చూసే ఒక అసిట్రోమ్ మాత్ర, నెలకొకసారి ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష, ఆ ఫలితం రాసుకోవడానికి ఒక చిన్న నోటుపుస్తకం ఆమెకు అలవాటయ్యాయి. నాలుగేళ్ల కిందట ఆ పుస్తకంలో వరుసగా మూడు అంకెలు కనిపించాయి: 2.9, 1.8, 4.6. మూడో అంకె వచ్చే నాటికి పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ఎక్కడా దెబ్బ తగలకుండానే ముంజేతి మీద కమిలిన మచ్చ లేచింది. ఒక్క పూట కూడా మాత్ర తప్పలేదని ఆమె గట్టిగా చెప్పింది. నోటుపుస్తకాన్ని, గోడకు వేలాడుతున్న కాలెండరును పక్కపక్కన పెట్టి చూస్తే కారణం చాలావరకు తెలిసింది. 1.8 వచ్చిన పరీక్షకు మూడు రోజుల ముందు ద్వాదశి, దానికి ముందు రోజు ముక్కోటి ఏకాదశి.

ఈ అంకెలకు అర్థం తెలియాలంటే మందు చేసే పని తెలియాలి. ‘రక్తం పలుచన చేసే మాత్ర’ అని అందరం అంటాం కానీ, రక్తపు చిక్కదనంలో ఏ మార్పూ రాదు, గడ్డకట్టే వేగం మాత్రమే తగ్గుతుంది. రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే ప్రొటీన్లలో నాలుగింటికి (వైద్యులు వాటిని 2, 7, 9, 10 అనే సంఖ్యలతో పిలుస్తారు) చివరి మెరుగు దిద్దేది విటమిన్ కె. ఆ మెరుగు పడితేనే అవి కాల్షియంను పట్టుకుని, గాయమైన చోట పనిలోకి దిగగలవు. ఒకసారి వాడిన విటమిన్ కెను శరీరం పారేయదు, ఒక ఎంజైము సాయంతో మళ్లీ పనికి వచ్చేలా మార్చుకుంటుంది. అసిట్రోమ్‌లోని అసినోకౌమరాల్, అదే తరహా మందైన వార్ఫరిన్ అడ్డుకునేది సరిగ్గా ఆ ఎంజైమునే. అంటే ఉన్న విటమిన్ తిరిగి వాడుకునే దారి మందు వల్ల మూసుకుపోతుంది, కొత్తగా కంచంలోంచి వచ్చే విటమిన్ మీదే కాలేయం ఆధారపడుతుంది. ఆహారానికీ ఈ మందుకూ ఉన్న సంబంధమంతా ఇక్కడే ఉంది.

ఈ మందు చరిత్ర కూడా మేతతోనే మొదలైంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోయాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి డైకూమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. అక్కడి నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది, 1954లో మనుషులకు అనుమతి పొందింది. విటమిన్ కెను కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ కూడా కొవ్వు లేని దాణా తిన్న కోడిపిల్లల్లో రక్తస్రావం చూసే ఆ దారి పట్టాడు. ఆయనకు 1943 నోబెల్ బహుమతి లభించింది.

ఐఎన్ఆర్ అనేది గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని మామూలు మనిషితో పోల్చి చెప్పే అంకె. మందు వాడని ఆరోగ్యవంతులకు అది 1 దగ్గర ఉంటుంది. గుండె లయ తప్పినవారికీ, కాలి సిరల్లో గడ్డలు వచ్చినవారికీ 2 నుంచి 3 మధ్య ఉంచుతారు, మైట్రల్ స్థానంలో యాంత్రిక కవాటం ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య. తగ్గితే కవాటం మీద గడ్డ చేరి పక్షవాతం దాకా పోవచ్చు, పెరిగితే రక్తస్రావం.

ఇప్పుడు పెద్దమ్మ విషయానికి వస్తాను. శస్త్రచికిత్స తరువాత ఇంటికి పంపేటప్పుడు ఎవరో ఆమెకు ‘కీర ముట్టకండి’ అని చెప్పారట. చెన్నై తెలుగువారి నోట ఆకుకూర ఎప్పుడో కీర అయిపోయింది. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె పొన్నగంటి, మునగాకు, తోటకూర, పాలకూర అన్నీ మానేసింది. కొత్తిమీర కూడా ఏరి పక్కన పెట్టేది. కానీ ఏకాదశి నాడు ఉపవాసం, ద్వాదశి పారణకు అవిసాకు కూర ఆ ఇంట్లో తప్పనివి. అసలే విటమిన్ కె నిల్వ అడుగంటిన శరీరం, దానికి తోడు ఒక రోజు పస్తు, మర్నాడు ఒక్కసారిగా గిన్నెడు ముదురాకుపచ్చని ఆకు. ఆ విటమిన్ అందగానే కాలేయం గడ్డకట్టే ప్రొటీన్లను త్వరత్వరగా తయారుచేసింది, ఐఎన్ఆర్ 1.8కి పడింది. ముందురోజుల్లో ఏం తిన్నారని ఎవరూ అడగలేదు, మాత్ర మోతాదు పెంచారు. ఆమె మళ్లీ ఆకులేని భోజనానికి వెళ్లిపోయింది, పెరిగిన మోతాదు మాత్రం అలాగే ఉంది. రెండు వారాల తరువాత వచ్చిన 4.6 అక్కడిది.

తిన్నదాని ఫలితం అదే రోజు కనబడకపోవడం వల్లే ఈ చిక్కు. ఆ నాలుగు ప్రొటీన్లలో 7 అనే సంఖ్య ఉన్నది కొన్ని గంటల్లోనే సగమవుతుంది, 2 అనే సంఖ్య ఉన్నది సగం కావడానికి రెండున్నర రోజులు పడుతుంది. అందుకే మందు మోతాదులోనైనా, తిండిలోనైనా వచ్చిన మార్పు పరీక్షలో పూర్తిగా బయటపడడానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ కావాలి.

ఆకుకూరలు పూర్తిగా మానేయమనే సలహా మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను. నిల్వ తక్కువగా ఉన్నవారిలోనే కొద్దిపాటి తేడాకు ఐఎన్ఆర్ ఎక్కువగా ఊగుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిశోధకులు కారణం తెలియకుండా ఐఎన్ఆర్ ఊగిసలాడే రోగులకు రోజూ 150 మైక్రోగ్రాముల విటమిన్ కె ఇచ్చి చూస్తే, చాలామందిలో అది మునుపటికన్నా నిలకడగా మారిందని 2007లో ప్రచురించారు. అందరికీ ఆ మాత్ర ఇవ్వడం వైద్య పద్ధతిగా మారలేదు, ఎవరికి వారు కొని వేసుకోవడం ప్రమాదం కూడా. అయినా, రోజూ కొంత విటమిన్ అందే శరీరం నిలకడగా ఉంటుందన్న సంగతి ఆ ఫలితాల్లో ఉంది.

వంటింట్లో చూసుకోవలసినవి నిజానికి కొన్నే. 100 గ్రాముల పాలకూరలో 300 నుంచి 500 మైక్రోగ్రాముల దాకా విటమిన్ కె ఉంటుంది, తోటకూర, మునగాకు వంటి ముదురాకుపచ్చని ఆకులన్నింటిలోనూ అది ఎక్కువే. క్యాబేజీలో అందులో నాలుగో ఐదో వంతు. అన్నం, ఇడ్లీ, కందిపప్పు, వంకాయ, టొమాటో, సొరకాయల్లో లెక్కించవలసినంత లేదు. చారు మీద చల్లిన చిటికెడు కొత్తిమీరకు భయపడనక్కరలేదు కానీ, గిన్నెడు కొత్తిమీర పచ్చడి ఆకుకూరతో సమానమే. ఉడికించినంత మాత్రాన ఈ విటమిన్ పోదు. నూనెను మనం అసలు పట్టించుకోం. సోయా నూనెలో 100 గ్రాములకు 180 మైక్రోగ్రాముల వరకు ఉంటే, వేరుశనగ నూనెలో దాదాపు ఏమీ ఉండదు, నువ్వుల నూనెలోనూ కొద్దిగానే ఉంటుంది. కాబట్టి కోడలు నూనె మార్చినా అత్తగారి ఐఎన్ఆర్ కదిలే అవకాశం ఉంది.

పెద్దమ్మ ఇప్పుడు డాక్టరుతో మాట్లాడుకుని వారానికి మూడు రోజులు, మంగళ, గురు, ఆదివారాల్లో, ఒకే చిన్న గిన్నె కొలతతో కీర వండుకుంటుంది. ఏకాదశికి పూర్తి పస్తు మానేసి పాలు, పళ్లు తీసుకుంటుంది, ద్వాదశి అవిసాకు ఒక చెంచా మాత్రమే. కొత్త పద్ధతి మొదలుపెట్టిన మొదటి నెలలో వారం వారం పరీక్ష చేయించి మోతాదు సరిచేశారు. ఏళ్లుగా ఆకు మానేసినవారు తిరిగి మొదలుపెట్టేటప్పుడు అలాంటి పర్యవేక్షణ తప్పనిసరి.

రక్తం గడ్డకట్టకుండా చూసే డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ అనే కొత్త మందులు విటమిన్ కె దారిలో పనిచేయవు కనుక, వాటిని వాడేవారికి ఆకుకూరల లెక్క అవసరం లేదు. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలను మాత్రం భోజనంతోపాటే వేసుకోవాలి. యాంత్రిక కవాటం ఉన్నవారికి ఈ కొత్త మందులు పనికిరావు, వారు పాత మందులోనే ఉండాలి.

తిండికన్నా ఎక్కువ ప్రమాదం తెచ్చేవి జబ్బు, జబ్బుకు వేసుకునే మందులు. విరేచనాలై నాలుగు రోజులు గంజితో గడిపినా, మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్ వాడినా ఐఎన్ఆర్ పెరుగుతుంది. మోకాలి నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే ఐఎన్ఆర్ అంకె సరిగ్గా ఉన్నా కడుపులో రక్తం కారవచ్చు. కూరలో వేసే పసుపు, వెల్లుల్లి వేరు, వాటి సారంతో అమ్మే గుళికలు వేరు. రెండోవాటిని డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, ముక్కు నుంచి రక్తం పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాట తడబడినా, ముఖం ఒక పక్కకు వాలినా అంతే. తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం కనబడకపోయినా, ‘ఏమీ కాలేదులే’ అని ఇంట్లో ఉండిపోకూడదు. వెళ్లేటప్పుడు ఐఎన్ఆర్ పుస్తకం చేతిలో ఉంటే అక్కడి డాక్టరు మందు పేరు, మోతాదు వెతుక్కోనక్కరలేదు.