ప్రోస్టేట్ పెద్దదైందన్న రిపోర్టు చెప్పని సంగతులు

పొట్ట స్కానింగ్ రిపోర్టు ఇంటికొస్తుంది. లివర్, కిడ్నీలు, గాల్ బ్లాడర్ అన్నీ నార్మల్. చివర్లో ఒక్క లైను మాత్రం: ప్రోస్టేట్ 42 గ్రాములు, గ్రేడ్ 2 ప్రోస్టేటోమెగలీ, అంటే ప్రోస్టేట్ పెద్దదైందని. అది చూసిన కొడుకు ఫోన్‌లో వెతకడం మొదలుపెడతాడు. తండ్రికి టెన్షన్ పట్టుకుంటుంది. వారం తిరక్కుండానే మాత్రలు వాడటం కూడా మొదలవుతుంది. ఇంత హడావుడిలోనూ ఆ పెద్దాయనకి అసలు ఇబ్బంది ఏమిటని ఎవరూ అడిగి ఉండరు. అరవై దాటిన మగవాళ్ల మూత్ర సమస్యల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లలో దాదాపు 20 గ్రాములు. వయసుతో పాటు పెరుగుతుంది. 60 ఏళ్లకి సగం మందిలో, 80 దాటాక పదిలో ఎనిమిది మందికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. అయితే ఎన్ని గ్రాములు పెరిగిందన్న దానికీ, మనిషి పడే అవస్థకీ లెక్క కుదరదు. 30 గ్రాముల గ్రంథి లోపలివైపు పెరిగి నాళాన్ని నొక్కేయవచ్చు. 80 గ్రాములది బయటివైపు పెరిగితే ధార మామూలుగానే ఉండొచ్చు. గ్రంథిలో ఉండే సన్నని కండరాలు ఎంత బిగిసి ఉన్నాయన్నదీ ముఖ్యమే, అది స్కాన్‌లో కనిపించదు. పైగా అడ్డంకికి ఎదురుగా ఏళ్లతరబడి నెట్టీ నెట్టీ మూత్రాశయం గోడ మందమవుతుంది, చిరాకు పడుతుంది, కొందరిలో చివరికి నీరసించిపోతుంది. సగం బాధలకి కారణం ప్రోస్టేట్ కాదు, దాని పైనున్న మూత్రాశయమే.

అందుకే మంచి పరీక్ష మాటలతో మొదలవుతుంది. 68 ఏళ్ల రిటైర్డ్ టీచరు ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని యూరాలజిస్టు దగ్గరికి వచ్చారనుకుందాం. కొడుకు ముందు ఆయన నోరు విప్పరు. అనుభవం ఉన్న డాక్టరు ఏదో పని చెప్పి కొడుకుని కాసేపు బయటికి పంపుతారు.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు మాస్టారూ?"

"మూడు సార్లండి."

"లేచినప్పుడల్లా కొంచెం కొంచెమే వస్తోందా, ఎక్కువగానే వస్తోందా?"

"బాగానే వస్తోందండి. కడుపు నిండా నీళ్లు తాగినట్టే పోతుంది."

ఈ రెండో ప్రశ్నకి వచ్చిన జవాబుతో దారే మారిపోయింది. అడ్డంకి వల్లనో, మూత్రాశయం చిరాకు వల్లనో లేచేవాళ్లకి ప్రతిసారీ కొద్దిగానే వస్తుంది. ప్రతిసారీ నిండుగా వస్తోందంటే రాత్రిపూట కిడ్నీలు ఎక్కువ మూత్రం తయారు చేస్తున్నాయన్నమాట. దాన్ని తేల్చడానికి ఓ కొలత గ్లాసు, ఓ నోటుబుక్కు చాలు. మూడు రోజులపాటు ఎప్పుడు వెళ్లారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, ఏం తాగారు అన్నది రాయాలి. మాస్టారు రాసుకొచ్చిన లెక్కలో రోజు మొత్తానికి 2000 మి.లీ. అందులో పడుకున్నాక 12 గంటలకి 350, రెండున్నరకి 300, తెల్లవారి లేవగానే 300. అంటే 950, దాదాపు సగం. పెద్ద వయసులో ఇది మూడో వంతు దాటితే ఎక్కువ కిందే లెక్క. డాక్టరు ఆయన కాళ్ల మీద వేలితో నొక్కి చూస్తే గుంట పడింది. బీపీకి వాడుతున్న ఆమ్లోడిపిన్ కాళ్లవాపు తెస్తుంది. పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా బయటికి పోతుంది. గుండె బలహీనత, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఇలాగే చేస్తాయి. ఇలాంటి మనిషికి ప్రోస్టేట్ మాత్ర ఏళ్లతరబడి ఇచ్చినా రాత్రి లేవడం తగ్గదు.

మాత్రల సంచి మొత్తం బల్ల మీద బోర్లించి చూడాలి. షుగర్‌కి ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపి పని చేస్తుంది, కాబట్టి మూత్రం పెరగడం సహజమే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రల సంగతి మాత్రం సీరియస్‌గా తీసుకోవాలి. వాటిలోని క్లోర్‌ఫెనిరమైన్ లాంటి మందులు మూత్రాశయాన్ని మందగింపజేస్తాయి, ముక్కు దిబ్బడ తగ్గించేవి నాళం దగ్గరి కండరాన్ని బిగిస్తాయి. అప్పటికే ధార సన్నబడిన మనిషి ఇవి వేసుకుని దూరప్రయాణం బస్సెక్కి, ఆపుకుని కూర్చుంటే మూత్రం పూర్తిగా బంద్ అయిపోవచ్చు. ఆ నొప్పి పడినవాళ్లకే తెలుస్తుంది. వెంటనే ట్యూబు వేయించుకోవడమే మార్గం.

లక్షణాల్ని కొలవడానికి ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నల పట్టిక ఉంది, ఐపీఎస్ఎస్ అంటారు. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 35. ఏడు వరకు తక్కువ, 8 నుంచి 19 మధ్యరకం, 20 నుంచి తీవ్రం. నాకు మాత్రం ఆ ఏడింటికన్నా విడిగా ఉండే ఎనిమిదో ప్రశ్నే గొప్పదనిపిస్తుంది: మిగతా జీవితమంతా ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది? స్కోరు 15 వచ్చినా పెద్దగా పట్టించుకోని రైతు ఉంటాడు, పదికే పెళ్లిళ్లకి వెళ్లడం మానేసిన ఉద్యోగి ఉంటాడు. వైద్యం ఎంతవరకు వెళ్లాలో తేల్చేది ఆ జవాబే.

తర్వాత చేతి పరీక్ష. వేలితో మలద్వారం నుంచి గ్రంథిని తాకి చూడటమంటే మనవాళ్లకి మహా మొహమాటం. నిమిషం కూడా పట్టదు. క్యాన్సర్లలో ఎక్కువ భాగం గ్రంథి వెనక భాగంలోనే పుడతాయి, వేలికి అందేదీ అదే. పిడికిలి బిగించి బొటనవేలి మొదట్లో ఉబ్బిన కండని తాకి చూడండి, మామూలు ప్రోస్టేట్ అలా ఉంటుంది. వేలి కణుపులా గట్టిగా తగిలితే అనుమానించాలి.

మూత్ర పరీక్ష, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎలాగూ చేస్తారు. మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. స్కానింగ్ సెంటర్లో లీటరు నీళ్లు తాగించి, నంబరు వచ్చేదాకా కూర్చోబెడితే మూత్రాశయం ఉబ్బిపోతుంది. అలా ఉబ్బినది ఒక్కసారిగా పూర్తిగా ఖాళీ కాదు. మిగిలింది 150 మి.లీ. అని రిపోర్టు వస్తుంది, ఇంట్లో మామూలుగా వెళ్తే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ధార వేగం కొలిచే పరీక్షలోనూ అంతే, కనీసం 150 మి.లీ. పోస్తేనే ఫలితాన్ని నమ్మాలి. సెకనుకి 15 మి.లీ. దాటితే మంచిది, 10 లోపైతే అడ్డంకి ఉండొచ్చు, లేదా మూత్రాశయానికి నెట్టే శక్తి తగ్గి ఉండొచ్చు. రెండిట్లో ఏదో ఈ యంత్రం చెప్పలేదు.

ఇక పీఎస్ఏ. ఈ రక్తపరీక్షని హెల్త్ ప్యాకేజీల్లో కలిపేశాక భయపడేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రోస్టేట్ తయారు చేసే ఈ ప్రోటీన్ క్యాన్సర్‌లో పెరుగుతుంది. గ్రంథి పెద్దదైనా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రం ఆగి ట్యూబు వేసినా కూడా పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆరు వారాలాగి చేయించుకోవాలి. 4 నుంచి 10 మధ్య వచ్చినవాళ్లకి బయాప్సీ, అంటే గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్ష, చేస్తే దాదాపు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ బయటపడుతుంది. 4 కన్నా తక్కువున్నంత మాత్రాన లేదనీ అనలేం. ఇప్పుడు చాలాచోట్ల బయాప్సీకి ముందు ఎంఆర్ఐ తీస్తున్నారు. ఏ లక్షణాలూ లేనివారి విషయంలో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2018లో ఇచ్చిన సలహా ఇది: 55 నుంచి 69 ఏళ్లవాళ్లు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి, 70 దాటినవారికి మామూలుగా ఈ స్క్రీనింగ్ అక్కర్లేదు. మామూలు ప్రోస్టేట్ పెరుగుదల క్యాన్సర్‌గా మారదన్న మాట కూడా ప్రతి ఇంట్లో తెలియాలి.

ఆలస్యం చేయకూడనివి కొన్నున్నాయి. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి మళ్లీ రాకపోయినా, ముఖ్యంగా పొగతాగేవారిలో, మూత్రాశయ క్యాన్సర్ కోసం చూడాల్సిందే. వెన్నునొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పి, మూత్రం ఆగితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పుకోనిది: పెద్దాయన నిద్రలో పక్క తడపడం. వయసైపోయిందిలే అని ఇంట్లో ప్లాస్టిక్ షీటు పరుస్తారు. నొప్పి లేకుండానే మూత్రాశయం పూర్తిగా నిండిపోయి, పట్టనిది కారిపోతూ ఉండొచ్చు. ఆ ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు వాస్తాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. ట్యూబు వేస్తే చాలామందిలో కిడ్నీలు కోలుకుంటాయి. అందుకే ఈ ఒక్కదాన్ని సిగ్గుపడి దాచొద్దని నేను బతిమాలి చెబుతాను.

అన్నీ చూశాక మాత్ర అవసరమైతే ఎక్కువగా ఇచ్చేది టామ్సులోసిన్. కండరాన్ని వదులు చేస్తుంది, కొన్ని రోజుల్లోనే తేడా తెలుస్తుంది. లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు కాబట్టి రాత్రి మంచం దిగేటప్పుడు కాసేపు కూర్చుని లేవాలి. కంటి శుక్లం ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు ఈ మాత్ర సంగతి కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ మెత్తబడి ఆపరేషన్ మధ్యలో ఇబ్బంది పెడుతుంది, ముందే తెలిస్తే జాగ్రత్త పడతారు. గ్రంథి బాగా పెద్దదైనవాళ్లకి ఫినాస్టెరైడ్ ఇస్తారు. దీని వెనక డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల కథ ఉంది. ఒక ఎంజైము లోపంతో పుట్టిన అక్కడి మగవాళ్లకి పెద్దయ్యాక కూడా ప్రోస్టేట్ చిన్నగానే ఉండటం 1970ల్లో శాస్త్రవేత్తలు గమనించారు. అదే ఎంజైముని అడ్డుకునే మందుగా ఫినాస్టెరైడ్ 1992లో అమెరికాలో అనుమతి పొందింది. పని చేయడానికి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా పీఎస్ఏని దాదాపు సగానికి తగ్గిస్తుంది, కాబట్టి ఈ మందు వాడేవారి రిపోర్టులో 3 అని ఉంటే డాక్టరు దాన్ని 6గా చదువుకోవాలి. ల్యాబు మారినా, డాక్టరు మారినా ఏ మాత్ర ఎప్పట్నుంచి వాడుతున్నారో ఆ నోటుబుక్కులోనే రాసి పెట్టుకుంటే, 3 అన్న అంకె చూసి ఎవరూ నార్మల్ అని పక్కన పెట్టేయరు.