మాటలు రాని పిల్లాడికి నాటకమా? అపోహలు - వాస్తవాలు

“ముందు మాటలు రానివ్వండి మేడమ్, నాటకాల సంగతి తర్వాత.” ఆటిజం ఉన్న పిల్లలకు నేను డ్రామా థెరపీ, అంటే నటనతో, ఆటలతో చేసే చికిత్స, చేస్తాను. కోనసీమ నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే అంటారు. పక్కనే నానమ్మ వత్తాసు: “వీళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి.” ఈ ఎదురుచూపుల్లోనే విలువైన ఏళ్లు గడిచిపోతున్నాయి.

డ్రామా థెరపీ డైలాగులతో మొదలుకాదు. అద్దం ఆటతో మొదలుపెడతాను. నేను చెయ్యి ఎత్తితే పిల్లాడు ఎత్తాలి. ఎత్తకపోతే అతను చేసేదే నేను చేస్తాను. కొన్నాళ్లకు కావాలనే చెయ్యి దించి, నేనూ దించానా లేదా అని ఓరగా చూస్తాడు. గమనించడం, అనుకరించడం, వంతు కోసం ఆగడం మాటకు పునాది. మాట వచ్చాక పునాది వేద్దామంటే ఎలా?

ఒక ఏడేళ్ల బాబుకు మాటలు లేవు. డప్పులకు భయపడతాడని ఆ కుటుంబం కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే రంగు బట్టలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను “శరభ” అని అరుస్తూ పొలాల మీదుగా మోసుకొచ్చే జాతరకు, వెళ్లడమే మానేసింది. మేం గదిలోనే తీర్థం ఆడాం. కుర్చీకి రంగు చీర చుడితే ప్రభ. “శరభ, శరభ” అని గుసగుసగా మొదలుపెట్టి రోజురోజుకూ గొంతు పెంచాం, తర్వాత డప్పు తెచ్చాం. బాబు ఎర్ర కార్డు చూపితే అందరూ అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆపించడం అతనికి భలే సరదా! కనుమ నాడు చేను గట్టున కాసేపు నిలబడి, నాన్న చేతిలో కార్డు పెట్టి వచ్చేశాడు. “ఇంతేనా?” అంది నానమ్మ. ఇంతేనమ్మా. నేల మీద పడి ఏడవకుండా, తనకు చాలని ఇంకొకరికి చెప్పగలిగాడు.

మిగతావి గబగబా చెబుతాను. టీకాల వల్ల ఆటిజం రాదు. ఆ పుకారు పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. వాట్సాప్ మాత్రం ఇంకా తీసుకోలేదు. ఈ పిల్లలకు ఊహాశక్తి ఉండదన్నదీ అబద్ధమే. కళ్లలోకి చూడమని నేను బలవంతపెట్టను. వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కించాలన్న నియమమూ లేదు.

నాటకంతో ఆటిజం నయం కాదు. 2016లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 30 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో ముఖాలు గుర్తుపెట్టుకోవడం, ఎదుటివారి మనసు గ్రహించడం వంటివి మెరుగుపడ్డాయి. అంతవరకే. “ఆరు నెలల్లో మామూలు పిల్లాణ్ణి చేస్తాం” అనే సెంటరు ఎదురైతే డబ్బు కట్టకండి. నా దగ్గరికి వస్తున్నారని స్పీచ్ థెరపీ కూడా మానిపించకండి.