చివరి రోజులు ఇంట్లోనే: అపోహలు, వాస్తవాలు

నయం కాని దశకు చేరిన క్యాన్సర్ రోగులను ఇంటి దగ్గరే చూసే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) బృందంలో నేను నర్సును. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: తిండి మానేశారు కాబట్టే నీరసిస్తున్నారు. సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటారు.

జబ్బు ముదిరి శరీరం ఒక్కో పనీ ఆపేస్తోంది కాబట్టే ఆకలి చచ్చిపోయింది. మింగే శక్తి తగ్గినవారికి బలవంతంగా జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు సెలైన్ పనికొస్తుంది, దాన్ని డాక్టరు నిర్ణయిస్తారు. కానీ ఆఖరి రోజుల్లో ఒళ్లు ఆ నీటిని భరించలేదు. అది కాళ్ల వాపుగా, గొంతులో కఫంగా, ఆయాసంగా మారుతుంది.

సెలైన్ పెట్టమని చాలాసార్లు అడిగేది రోగి కాదు, చూడడానికి వచ్చిన బంధువులు. ‘కనీసం సెలైన్ కూడా పెట్టించలేదా?’ అన్న ఒక్క మాటకు భయపడి, ఇంట్లోవాళ్లు నరం దొరకని చేతికి పదే పదే సూదులు గుచ్చిస్తారు. అది చూడలేను. అలాంటి బంధువులకు నేనే నచ్చజెబుతాను, ఆ భారం కొడుకుల మీదో కూతుళ్ల మీదో వేయను. సెలైన్ కంటే ముఖ్యం నోరు ఎండిపోకుండా చూడడం. రెండు గంటలకోసారి తడిగుడ్డతో నోరు తుడిచి, పెదాలకు వ్యాజిలైన్ రాయండి. తులసి తీర్థం పోయాలనుకుంటే తల కాస్త ఎత్తి పెదాలు తడపండి, చాలు. గొంతులో పోయవద్దు.

అపోహ: మార్ఫిన్ మొదలుపెడితే ఇక రోజులు లెక్కబెట్టుకోవడమే. పైగా అది మత్తుమందు, అలవాటవుతుంది.

సరైన మోతాదులో ఇస్తే మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుంది, ప్రాణం తీయదు. తక్కువ మోతాదులో ఆయాసానికీ ఇస్తారు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండవచ్చు. వారాల తరబడి నొప్పితో కన్ను మూయని మనిషి అప్పుడే నిద్రపోతున్నాడు, గాబరా పడకండి. లేపినా పలకకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే మాత్రం వెంటనే ఫోన్ చేయండి. మామూలు మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇవ్వాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే వేయాలి. నొప్పి కోసం వాడేవారిలో వ్యసనం అరుదు. అయినా మాత్రలు ఒక్కసారిగా ఆపకండి.

ఈ మందు వీధిలోని మందుల షాపులో సాధారణంగా దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దీన్ని ఉంచుకోవడం సులువు చేశారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ‘ఆలన’ అనే పాలియేటివ్ కేర్ వాహనాలు ఇళ్లకే వస్తాయి.

ప్రాణం పోయేముందు నేల మీదకు దించే ఆచారం ఉన్నవారికి ఒక మనవి. దించడానికి అరగంట ముందు నొప్పి మందు ఇవ్వగలమేమో మమ్మల్ని అడగండి. పరుపుతో సహా నలుగురు కలిసి దించండి.

అపోహ: ‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్నారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే.

ఆపేది పనిచేయని చికిత్సను. నొప్పి, ఆయాసం, పడకపుండ్లు, భయం, వీటికి వైద్యం సాగుతూనే ఉంటుంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై అమెరికాలో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, పాలియేటివ్ కేర్ ముందే అందినవారు మెరుగ్గానే కాదు, ఎక్కువ కాలం కూడా జీవించారు. అయితే ఇల్లే అందరికీ సరైన చోటు కాదు. చూసుకునే మనిషి లేకపోయినా, నొప్పి అదుపులోకి రాకపోయినా హాస్పీస్ (ఆఖరి రోజుల్లో రోగులను చూసుకునే కేంద్రం) మంచిది. ఇంట్లో చావు జరగడానికి వీల్లేదనే ఇంటి యజమానుల వల్ల హాస్పీస్ వెతుక్కున్న కుటుంబాలూ ఉన్నాయి. అది అన్యాయం.

అపోహ: రోగికి నిజం తెలియకూడదు.

చాలామందికి ముందే తెలుసు. ‘నీకెంతవరకు తెలుసుకోవాలని ఉంది?’ అని అడగండి. చెప్పవలసిన మాటలు, అప్పులు, పొలం కాగితాలు వాళ్లకూ ఉంటాయి.

అపోహ: ఎగశ్వాస, గొంతులో గరగర అంటే నరకయాతన.

చాలావరకు అప్పటికి వారికి స్పృహ ఉండదు. ఆ శబ్దం బాధించేది మనల్ని. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, కఫం తగ్గించే మందు ఉంటుంది. వినికిడి ఇంకా ఉండవచ్చు, మాట్లాడండి.

అపోహ: ఇంట్లో పోతే పోలీసు కేసు, సర్టిఫికెట్ రాదు.

తెలిసిన జబ్బుతో వచ్చిన సహజ మరణానికి పోలీసులతో పని లేదు. చికిత్స చేసిన డాక్టరు కారణం రాసి ఫారం 4ఎ ఇస్తారు. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. డిశ్చార్జి కాగితాలు, చివరి మందుల చీటీ, ఆధార్ నకలు ఇప్పుడే ఒక కవరులో పెట్టి, డాక్టరు ఫోన్ నంబరు దాని మీద రాసి ఉంచండి.