మణికట్టు ఎత్తితే వేళ్ళు ముడుచుకుంటాయి

2024 జనవరిలో ఎలాన్ మస్క్ కంపెనీ ఒక మనిషి మెదడులో చిప్పు పెట్టినప్పటి నుంచీ నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని మంచాన పడ్డవాళ్ళకి ఇక అదొస్తే చాలు కదండీ, మన దగ్గరికి ఎప్పుడొస్తుంది, అని. ఆ చిప్పు గొప్పదే. వెంట్రుక కన్నా సన్నటి 64 దారాలు, వాటి మీద 1024 ఎలక్ట్రోడ్లు, చెయ్యి కదపాలని మనసులో అనుకుంటే కంప్యూటర్ తెర మీద బాణం కదులుతుంది. కొన్ని వారాలకే ఆ దారాల్లో కొన్ని మెదడులోంచి వెనక్కి జారిపోతే సాఫ్ట్‌వేర్ మార్చి నెట్టుకొచ్చారు, అది వేరే కథ. నాకు మాత్రం అంతకన్నా వింతగా అనిపించే యంత్రం ఒకటుంది. అది ఇప్పుడు మీ చేతిలోనే ఉంది, ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.

ఫోన్ పక్కన పెట్టి చేసి చూడండి. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా చేతిని బల్ల అంచు బయటికి వేలాడనివ్వండి. పూర్తిగా వదులుగా. వేళ్ళు కాస్త తెరుచుకుని ఉంటాయి. ఇప్పుడు వేళ్ళ గురించి మర్చిపోయి మణికట్టును మాత్రం పైకెత్తండి. మీరేమీ చెప్పకుండానే వేళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, బొటనవేలు వచ్చి చూపుడువేలి పక్కన చేరుతుంది.

ఎందుకలా? వేళ్ళని ముడిచే పెద్ద కండలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి తాళ్ళు బయల్దేరి మణికట్టు మీదుగా వేళ్ళ చివరిదాకా వెళతాయి. బావి గిలకని తలుచుకోండి. ఒకడు తాడు లాగుతాడు, చేద పైకొస్తుంది. ఇప్పుడు లాగేవాడు లేడు, తాడు కొస పక్కనున్న గుంజకి కట్టేసి ఉంది. చేద పైకి రావాలంటే ఏం చెయ్యాలి? గిలకనే పైకెత్తాలి! (అలా గిలకని అడుగు ఎత్తితే చేద రెండడుగులు లేస్తుంది, ఫిజిక్స్ సార్లు ఈ లెక్క ఎందుకు ఇవ్వరో నాకు తెలియదు.) మణికట్టే ఆ గిలక. దాని కీలు మధ్య నుంచి తాడు సెంటీమీటరు పైచిలుకు దూరంలో పోతుంది, కాబట్టి మణికట్టు 60 డిగ్రీలు తిరిగితే తాడు కూడా దాదాపు అంతే, సెంటీమీటరు పైచిలుకు లాగబడుతుంది. పిడికిలి గట్టిగా బిగించాలంటే సుమారు మూడు సెంటీమీటర్లు కావాలి, అంత రాదు. కానీ పెన్నో టిఫిన్ స్పూనో పట్టుకోవడానికి ఇది సరిపోతుంది.

ఇది వెన్నుపాము దెబ్బతో ఎక్కడ కలుస్తుందంటే, మెడలో పూసలు 7, అక్కణ్ణుంచి బయల్దేరే నాడుల జతలు 8, వాటికి పైనుంచి కిందికి సి1 నుంచి సి8 దాకా పేర్లు. సి5 మోచేతిని ముడుస్తుంది, సి6 మణికట్టును ఎత్తుతుంది, సి7 మోచేతిని చాపుతుంది, సి8 వేళ్ళని ముడుస్తుంది. లోతు చూసుకోకుండా నీళ్ళలోకి తలకిందులుగా దూకిన కుర్రాళ్ళకీ, తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులకీ, బైకు ప్రమాదాల్లోనూ చాలాసార్లు ఈ చుట్టుపక్కలే దెబ్బ తగులుతుంది. సి6 వరకూ మిగిలి కింద అంతా పోయినవాళ్ళకి వేళ్ళు కదలవు, మణికట్టు లేస్తుంది. అంటే లాగేవాడు పోయాడు, గిలక బతికే ఉంది. మణికట్టును కిందికి వంచే బలం ఉండదు గనక అరచేతిని నేల వైపు తిప్పి వదిలేస్తారు, బరువుకి అదే వాలుతుంది, చేతి వెనక తాళ్ళు బిగిసి వేళ్ళు తెరుచుకుంటాయి. గ్లాసు దగ్గరికి తెచ్చి, వాల్చి, ఎత్తి, పట్టు.

మన తెలుగులో ఇక్కడ ఒక చిక్కు. నర్సు సూది కోసం వెతికేది నరం, 'నరాల బలహీనత' అంటే నరం, మటన్ ముక్కలో పళ్ళకి అడ్డం పడేదీ నరమే. పుస్తకాల్లో సిర, నాడి, స్నాయుబంధనం (మన తాడు ఇదే) అని మూడు పేర్లున్నా ఇంట్లో ఎవరూ అనరు. అందుకే డాక్టరు నోట 'నరం పోయింది' అని వినగానే చెయ్యి మొత్తం పోయిందనుకుంటారు. పోయింది కబురు మోసే నరం. తాడుకి కబురుతో పనేముంది?

ఈ కిటుకునే లోహపు చట్రంలో బిగించారు. కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రిలో పోలియోతో చేతులు పడిపోయినవాళ్ళ కోసం మొదలైన కీలు పట్టీల్లో, మణికట్టు ఎత్తితే మొదటి రెండు వేళ్ళు కదిలొచ్చి బొటనవేలికి తగులుతాయి. మణికట్టు కూడా లేవనివాళ్ళ సంగతి? జోసెఫ్ మెకిబెన్ అని ఒక భౌతిక శాస్త్రవేత్త, 1945లో మొదటి అణుబాంబు పరీక్షప్పుడు కంట్రోల్ బల్ల దగ్గరున్న మనిషి, పోలియో వచ్చిన సొంత కూతురి కోసం రబ్బరు గొట్టానికి జడలా అల్లిన తొడుగు వేశాడు. గ్యాసు నింపితే గొట్టం లావెక్కి పొట్టిదవుతుంది, పొట్టిదవుతూ వేళ్ళని లాగుతుంది. రోబోలు చేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని మెకిబెన్ కండరం అనే అంటారు. స్వీడన్ సర్జన్ ఎరిక్ మోబర్గ్ 1970ల్లో ఇంకో దారి పట్టి, బొటనవేలి తాడుని ముంజేతి ఎముకకే కట్టేశాడు. గుంజకి కట్టడం అంటే అక్షరాలా అదే.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే సంగతి. వేళ్ళు వంకరపోతున్నాయని ఇంట్లోవాళ్ళు భయపడి, తైలం రాసి, రోజూ మణికట్టునీ వేళ్ళనీ ఒకేసారి వెనక్కి విరిచి సాగదీస్తారు. ప్రేమతోనే చేస్తారు, ఎవరో నాటు వైద్యుడు చెప్పి కూడా ఉంటాడు. కానీ తాడు సాగిపోతే గిలకని ఎంత ఎత్తినా ఆ వదులే సరిపోతుంది, చేద అడుగునే ఉంటుంది. అలాగని అసలు కదపకుండా వదిలేస్తే తాడు మరీ పొట్టిదై చేద నీళ్ళని అందుకోదు, వేళ్ళు తెరుచుకోవు. ఆ మధ్య బిగువుని కాపాడటమే ఫిజియోథెరపిస్టు పని, ఎవరికెంత అన్నది వాళ్ళే చూసి చెప్పాలి. మామూలుగా పాటించే పద్ధతి, వేళ్ళు చాపాలంటే మణికట్టు కిందికి వంచి ఉండాలి, మణికట్టు ఎత్తాలంటే వేళ్ళు ముడిచి ఉండాలి. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జరిగేటప్పుడు చేతుల మీద బరువు పడుతుంది కదా, అప్పుడు కూడా అరచేతిని పరిచి ఆనకూడదు, వేళ్ళు ముడిచే ఆనాలి.