బైపాస్ వచ్చాక బరంపురం పాత రోడ్డు

ఒడిశాలోని బరంపురం పాత రోడ్డు బజారు మాట ఎత్తితే చాలు, వ్యాపారం పడిపోయిందంటూ తప్పంతా బైపాస్ మీదికి నెట్టేస్తారు. అందులో నిజం సగమే. ఈ ఊరున్న గంజాం జిల్లాలో దారి మారినప్పుడల్లా వ్యాపారం మకాం మారుస్తూనే ఉంది.

1815 నాటి విషజ్వరాలకు ఋషికుల్య ఒడ్డున ఉన్న గంజాం పట్నం పాడుబడింది. జిల్లా కచేరీ బరంపురం చేరింది. గోపాల్‌పూర్ రేవుకు కొన్నాళ్లు మహర్దశ: రంగూన్ వెళ్లే కూలీలు అక్కడ స్టీమరు ఎక్కేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో రైలొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో రంగూన్ రాకపోకలూ ఆగి రేవు చల్లబడింది. మధ్యలో, 1936 ఏప్రిల్ 1న, జిల్లాలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. అయితేనేం, సరిహద్దు అవతల ఉండిపోయిన ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు పెళ్లి బట్టలకు బరంపురం రావడం మానలేదు.

మద్రాసు-కలకత్తా రోడ్డు అప్పట్లో ఊళ్లోంచే పోయేది. బజారు సందడి దాని చలవే, దుమ్మూ హారన్లూ దాని పుణ్యమే. రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్రకు, తెలుగు దేవాంగుల దేశీబెహరా వీధిలో అమ్మవారు కొలువుండే రోజుల్లో, ఊరంతా జనమే. ఆ జనంలోకి లారీలు కూడా దూరితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్ల పథకంలో 1,684 కిలోమీటర్ల చెన్నై-కోల్‌కతా రోడ్డు నాలుగు వరసలైంది. 2010లో ఇటువైపు దాని జాతీయ రహదారి నంబరు 5 నుంచి 16కి మారింది. ఇప్పుడు లారీలు బైపాస్ మీదుగా ఊరి బయట నుంచే పోతున్నాయి.

దెబ్బ తిన్నదెవరు? బాటసారిని నమ్ముకున్నవాళ్లు. టిఫిన్ హోటళ్లు, లాడ్జీలు, పంచర్ షాపులు, బస్సు ఆగిన కాసేపట్లో కిటికీలోంచి అప్పడాల కట్ట అందించి చిల్లర లెక్కపెట్టుకునే కుర్రాళ్లు. పట్టు, బంగారం కొట్లది వేరే లెక్క. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టుచీరను, గుడి శిఖరాల్లాంటి ఫోడా కుంభ అంచు ఉన్నదాన్ని, దారిన పోయేవాళ్లు కొనరు. దానికోసమే ఇంటిల్లిపాదీ కట్టగట్టుకుని వస్తారు.

కాబట్టి హైవే మీద బోర్డులు పెట్టి లారీని వెనక్కి పిలవాలనుకోవడం దండగ. ఇప్పుడు ఈ బజారును పోషించేది సరిహద్దు అవతలి పల్లెల నుంచి బైకు మీదో, అద్దె కారులోనో వచ్చే కుటుంబం. కారు పెట్టుకునే చోటు లేక రెండు చుట్లు తిరిగి, పొంగిన కాలువ దాటలేక, వాళ్లు షాపింగ్ మాల్‌కే పోతున్నారు. ముందు పార్కింగ్, మురుగు కాలువ, నడవడానికి ఫుట్‌పాత్ చూడాలి. స్వాగత తోరణాలూ రంగు దీపాలూ తర్వాత పెట్టుకోవచ్చు.