ఉల్క దొరికిందా? బేరానికి ముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

విశాఖలో రాళ్ళు చూడటమే నా పని. "ఆకాశం నుంచి పడిన రాయి ఉంది, ఎంతిస్తారు?" అని ఏడాదికి నాలుగైదు ఫోన్లైనా వస్తాయి. ఇంతవరకు వాటిలో ఒక్కటీ ఉల్క కాలేదు. అయినా వెళ్తూనే ఉంటాను. 1870 జనవరిలో అప్పటి విశాఖపట్నం జిల్లాలో, నెడగొల్ల దగ్గర నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క పడింది మరి. ఇంకోటి పడకూడదని ఎక్కడుంది?

అపోహ: అయస్కాంతం అంటుకుంటే ఉల్కే.

మన ఊళ్ళో ఈ పరీక్షను నమ్ముకుంటే అంతే సంగతులు. ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్‌కీ అంటుకుంటుంది, బీచ్‌లో నల్ల ఇసుకకీ అంటుకుంటుంది. ఆనందపురం వైపు ఒక పెద్దాయన గుడ్డలో చుట్టి తెచ్చిన రాయిని విరిచి చూస్తే లోపల ఇడ్లీలో ఉన్నట్టు చిల్లులే. స్లాగ్! "అయితే దీన్నేటి చేయమంటావు బాబూ?" అన్నాడు. తలుపుకి అడ్డం పెట్టుకోమన్నాను.

గ్లేజ్ లేని టైల్ మీద గీసి చూడండి. ఎర్రటి గీత పడితే హెమటైట్, నల్లటి గీత పడితే చాలావరకు మాగ్నటైట్. రెండూ మన నేలలో దొరికే ఇనుప ఖనిజాలే. నిజంగా ఉల్కేమో అన్న అనుమానముంటే మాత్రం బలమైన అయస్కాంతాన్ని దగ్గరికి రానివ్వకండి. రాయిలో దాగిన పాత అయస్కాంత క్షేత్రాల గుర్తులు చెరిగిపోతాయి.

అపోహ: కోట్లు పలుకుతుంది.

బియ్యాన్ని లాగే మహిమ గల పాత్ర అంటూ అమ్మే రైస్ పుల్లర్ పేరుతో మోసపోయిన వాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు, ఇదీ అదే దారి. పడే ఉల్కల్లో 80 శాతానికి పైగా సాధారణ కాండ్రైట్లే, అంటే మామూలు రకం రాతి ఉల్కలే. పైగా మన దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత కలకత్తాలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. అంచేత నా బేరంలో డబ్బు మాటే ఉండదు. మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ సంగతి చెప్పేస్తాను. టీ తాగాక చెబితే కోపాలొస్తాయి.

అపోహ: కొన్నాళ్ళు దాచితే విలువ పెరుగుతుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. అంతరిక్షంలో ఉండగా కాస్మిక్ కిరణాలు తగిలి ఉల్కలో కొన్ని రేడియోధార్మిక పదార్థాలు పుడతాయి. సోడియం-24 పదిహేను గంటల్లో సగమైపోతుంది, వెనేడియం-48 పదహారు రోజుల్లో. మనం బీరువాకి తాళం వేసి బేరమాడుతుంటే అవి కొలవడానికి లేకుండా తరిగిపోతూనే ఉంటాయి. 2017 జూన్‌లో జైపూర్ దగ్గర ముకుందపురలో పడిన కార్బన్ రకం ఉల్కలైతే మరీ సున్నితం, తడి తగిలితేనే పాడవుతాయి.

అపోహ: కడిగి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాలి.

దండం పెట్టుకోండి, తప్పు లేదు. రాయికి దూరంగా కొట్టండి. పసుపు, నూనె అంటితే రాయిలోని సేంద్రియ పదార్థమేదో, మన వంటింటిదేదో తేల్చడం కష్టం. శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి పొడిగా ఉంచితే చాలు.

అపోహ: సైంటిస్టు పట్టుకుపోతే మనకేం మిగలదు.

ఈ భయం ఉత్తదేం కాదు. రసీదు ఇవ్వకుండా రాళ్ళు తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. అందుకే పడిన చోటు, తేదీ, బరువు, ఫొటో, దొరికినవారి పేరు రాసిన కాగితం మీద ఊరి పెద్దల ఎదుట ఇద్దరం సంతకాలు చేస్తాం. ఉల్కకు పేరు పెట్టేది పడిన చోటును బట్టే. "మా ఊరి పేరేనా?" అని ఒకటికి రెండుసార్లు అడుగుతారు. మీ ఊరి పేరే. స్పెల్లింగ్ కూడా అప్పుడే అడిగి రాసుకుంటాను.