ఆపిన కంప్యూటర్ నిజంగా ఆగిందా?

అమలాపురం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ఫోనులో చెప్పిన బాధలన్నీ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ కాకినాడ బస్సు దిగేసరికి పెనంలా కాలుతోందని ఒకరు. రాత్రి పడుకోబెట్టిన కంప్యూటర్ అర్ధరాత్రి దానంతట అదే లేచి గదంతా వెలుగు చేస్తోందని ఒకరు. రోజూ ఆపుతున్నా పాత జబ్బు పోవడం లేదని ఇంకొకరు. దరఖాస్తు నింపుతుంటే అప్‌డేట్ వచ్చి పడిందని అందరూ.

వీటన్నిటికీ వేరు ఒక్కటేనర్రా. మనం ‘ఆపడం’ అని ఒక్క మాట అంటాం. ఆ ఒక్క మాట కింద విండోస్ నాలుగు రకాల పనులు చేస్తుంది. ఏది చేసినా తెర నల్లగానే ఉంటుంది కాబట్టి మనకు తేడా తెలియదు. ఏ పని ఎప్పుడు కావాలో మనం ముందే చెప్పి ఉంచకపోతే అదే ఎంచుకుంటుంది.

ముందు స్లీప్ సంగతి. మీరు తెరిచిన ఫైళ్లు, బ్రౌజర్ పేజీలు అన్నీ ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటాయి. ర్యామ్‌కు కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. స్లీప్‌లో మిగతా భాగాలు ఆగిపోయినా ర్యామ్‌కు మాత్రం సన్నటి ధారలా కరెంటు అందుతూ ఉంటుంది. అందుకే లేపగానే రెండు మూడు సెకన్లలో వదిలిన చోటే ఉంటారు. బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌ను స్లీప్‌లో వదిలి వెళ్లాక కరెంటు పోతే మాత్రం ర్యామ్ తుడిచిపెట్టుకుపోతుంది. హైబర్నేట్ అలా కాదు. ర్యామ్‌లో ఉన్నదంతా సి డ్రైవ్ మీద ఒక పెద్ద ఫైలుగా రాసి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. ప్లగ్గు పీకేసినా, బ్యాటరీ ఊడదీసినా, వారం తర్వాత పెట్టినా మీ పేజీ మీకు దొరుకుతుంది. ఆ ఫైలుకు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం చోటు పడుతుంది, అంటే 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ పైచిలుకు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు హైబ్రిడ్ స్లీప్ అని ఇంకోటి ఉంది. ర్యామ్‌కు కరెంటు ఇస్తూనే డిస్క్ మీద నకలు కూడా రాసిపెడుతుంది. కరెంటు పోకపోతే చప్పున లేస్తుంది, పోతే నకలు నుంచి లేస్తుంది. మన పల్లెల కరెంటుకు ఇదే తగినది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్ వరకూ వెళ్లి స్లీప్ కింద ‘అలౌ హైబ్రిడ్ స్లీప్’ ఆన్ చేయండి.

ఇక షట్‌డౌన్. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే పద్ధతి ఉంది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసేస్తుంది, మిమ్మల్ని లాగ్ ఆఫ్ చేస్తుంది, కానీ విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను, ప్రింటర్, వైఫై లాంటివాటిని నడిపే డ్రైవర్లను మాత్రం ఉన్నదున్నట్టు డిస్క్ మీద రాసేసి ఆగుతుంది. మర్నాడు వాటినే మళ్లీ ఎత్తుకుంటుంది. పెట్టగానే త్వరగా వస్తుంది, నిజమే. నిన్న చిక్కుపడిన ప్రింటర్ డ్రైవర్, ఉండుండి తెగిపోయే వైఫై కూడా అదే చిక్కుతో తిరిగి వస్తాయి.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. గ్రాఫు కింద ‘అప్ టైమ్’ అని ఒక సంఖ్య ఉంటుంది. 9:04:17:52 అని ఉందనుకోండి, తొమ్మిది రోజుల నాలుగు గంటల పదిహేడు నిమిషాల యాభైరెండు సెకన్లుగా ఈ విండోస్ కొత్తగా మొదలు కాలేదని అర్థం. ఆ తొమ్మిది రోజులూ మీరు రాత్రిపూట షట్‌డౌన్ నొక్కుతూనే ఉన్నారు! అదే రీస్టార్ట్ నొక్కి మళ్లీ చూడండి, సున్నా నుంచి లెక్క మొదలవుతుంది. రీస్టార్ట్‌కు ఈ అడ్డదారి లేదు, అన్నీ దింపి అన్నీ కొత్తగా ఎక్కిస్తుంది. బాగుచేసేవాళ్లు ‘ఆపి పెట్టమ్మా’ అనకుండా ‘రీస్టార్ట్ కొట్టమ్మా’ అని ఎందుకు అంటారో ఇప్పుడు తెలిసిందిగా.

నా మట్టుకు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉన్న కంప్యూటర్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంచుకోవడం అనవసరం. మిగిలేది కొద్ది సెకన్లు, తెచ్చిపెట్టేది రోజుల తలనొప్పి. పవర్ ఆప్షన్స్‌లో ఎడమవైపు ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ నొక్కండి. పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ అని ఉంటుంది, దాన్ని నొక్కితేనే కింది గళ్లు తెరుచుకుంటాయి. ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ పక్కన టిక్కు తీసేయండి. అక్కడే హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టండి, చాలా కంప్యూటర్లలో అది మెనూలో కనపడకుండా దాగి ఉంటుంది. కింద సేవ్ చేంజెస్ నొక్కడం మరవకండి. కొందరు హైబర్నేట్‌నే మొత్తంగా తీసేయమని సలహా ఇస్తారు. వినకండి, ఫాస్ట్ స్టార్టప్‌తో పాటు మీకు పనికొచ్చే హైబర్నేట్ కూడా పోతుంది. ఇవేమీ మార్చలేని ఊరి కంప్యూటర్ సెంటర్లో ఉంటే షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది.

సంచిలో ల్యాప్‌టాప్ కాలడానికి కారణం ఇంకో రకం స్లీప్. కొత్త ల్యాప్‌టాప్‌లలో పాతకాలపు స్లీప్ చాలావాటికి లేనే లేదు. దాని స్థానంలో మోడర్న్ స్టాండ్‌బై వచ్చింది. మూత వేసినా సెల్‌ఫోన్ లాగా లోపల కునికిపాట్లు పడుతూ ఉంటుందే తప్ప పూర్తిగా నిద్రపోదు. మెయిళ్లు చూసుకుంటుంది, నెట్ అందితే అప్‌డేట్లు తెచ్చుకుంటుంది. ఏ డ్రైవరో సరిగా పడుకోకపోతే సీపీయూ పరుగు తీస్తూనే ఉంటుంది. గాలి ఆడని సంచి, పైన మన కోస్తా ఉక్కపోత. వేడెక్కక ఏమవుతుంది? బ్యాటరీ ఆయుష్షు కూడా ఆ వేడికే తరుగుతుంది.

మీ దగ్గర ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలంటే స్టార్ట్‌లో సి, ఎం, డి అని టైపు చేసి, వచ్చిన కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి నొక్కు నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచండి. నల్లటి పెట్టె వస్తుంది. పవర్ అనే ఇంగ్లీషు మాట, దానికి ఖాళీ లేకుండా అతికించి సి, ఎఫ్, జి అక్షరాలు, తర్వాత ఒక ఖాళీ, ఏటవాలు గీత, ఏ. ఇది కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబులో పైభాగం మీ యంత్రానికి వచ్చిన నిద్రలు, కింది భాగం రానివి, ఎందుకు రావో కారణాలతో సహా. పైభాగంలో ‘ఎస్3’ అని ఉంటే పాత స్లీప్. ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై.

రెండోదైతే పవర్ ఆప్షన్స్‌లో ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’ తెరిచి, ఆన్ బ్యాటరీ అన్న వరుసలో హైబర్నేట్ పెట్టండి. ప్లగ్డ్ ఇన్ వరుసలో స్లీప్ ఉన్నా ఫరవాలేదు. కానీ ఆ స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ పీకి అలాగే సంచిలో పడేయకండి. ఒకసారి మూత తీసి మళ్లీ వేయండి, అప్పుడు బ్యాటరీ వరుస ప్రకారం నడుచుకుంటుంది. మూత వేశాక వెంటనే సంచిలో దూర్చకండి, డిస్క్ మీద రాసుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పవర్ దీపం ఆరాకే లోపల పెట్టండి. పాత ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ఇది మరీ ముఖ్యం, తిరుగుతున్న డిస్కు బండి మీద గతుకుల్లో దెబ్బతింటుంది.

అర్ధరాత్రి లేచే కంప్యూటర్‌ను ఎవరు లేపారో దాన్నే అడగవచ్చు. అదే నల్లటి పెట్టెలో చివరి ‘ఏ’ బదులు లాస్ట్, వేక్ అనే రెండు ఇంగ్లీషు మాటలు కలిపి కొట్టండి. చాలాసార్లు మౌస్ అని వస్తుంది. బల్ల కొంచెం అదిరినా, ఫ్యాన్ గాలికి మౌస్ కింది కాగితం కదిలినా దానికి మేలుకొలుపే. డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి ‘అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్’ టిక్కు తీసేయండి. నెట్ కార్డుకూ అదే చేయండి. కీబోర్డుకు మాత్రం ఉంచండి, లేపడానికి ఏదో ఒకటి ఉండాలిగా. ఇవేవీ కాకపోతే టైమర్ అయి ఉంటుంది. హైబ్రిడ్ స్లీప్ ఉన్న చోటే ‘అలౌ వేక్ టైమర్స్’ ఉంటుంది, డిజేబుల్ చేయండి. డెస్క్‌టాప్ సరిగ్గా కరెంటు వచ్చిన క్షణంలోనే లేస్తుంటే అది విండోస్ తప్పు కాదు. విండోస్ కంటే ముందే లేచే బయోస్ అనే మూల సెట్టింగుల్లో ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ లాంటి పేరుతో ఒక వరుస ఉంటుంది, దాన్ని పవర్ ఆఫ్‌కు మార్చాలి.

ఇప్పుడు అప్‌డేట్. దాళ్వా కోతలయ్యాక ఎండాకాలంలో మన కాలువలు కట్టేస్తారు కదా. నీళ్లు పారుతుండగా గట్టు లోపలి మరమ్మతు, లాకుల తలుపుల మరమ్మతు కుదరదు. విండోస్‌లో కూడా నడుస్తున్న ఫైలుకు తాళం పడి ఉంటుంది, దాన్ని మార్చనివ్వదు. కొత్త ఫైళ్లను పక్కన పెట్టుకుని, రీస్టార్ట్ మధ్యలో ఎవరూ వాడని వేళ చూసి పాతవి తీసి కొత్తవి పెడుతుంది. కాబట్టి రీస్టార్ట్ అడగడంలో తప్పులేదు. అడిగిన వేళే తప్పు. రైతులకు ముందే తేదీ చెప్పి కాలువ కట్టినట్టు, మనమూ దానికి ఒక తేదీ కట్టాలి.

అప్‌డేట్లు మొత్తం ఆపేసే చిట్కాలు మాత్రం వాడకండర్రా. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. రెండు నెలలు వేసుకోనివాళ్లే చిక్కారు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అది ఇంకా వాడుతున్నవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నెలవారీ పెద్ద అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతుంది. మనకు రాత్రి 10:30కి, అమెరికాలో చలికాలమైతే 11:30కి. అంటే బుధ, గురువారాల్లో మీ మీద పడుతుంది. ఆ నెలలో పరీక్ష ఉన్నా, దరఖాస్తుకు ఆఖరి తేదీ ఉన్నా ముందే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి ‘పాజ్’ నొక్కండి. వారం నుంచి అయిదు వారాల దాకా ఆపవచ్చు. మిగతా నెలల్లో ఆ తర్వాతి ఆదివారం పొద్దున మీరే ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కి పని కానిచ్చేయండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘యాక్టివ్ అవర్స్’ మాన్యువల్ చేసి ఉదయం 6 నుంచి రాత్రి 12 దాకా పెట్టండి, 18 గంటలకు మించి ఇవ్వదు. అక్కడే ‘గెట్ మీ అప్ టు డేట్’ ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే మీరు పనిలో ఉన్న వేళ కూడా రీస్టార్ట్ చేస్తుంది. రీస్టార్ట్ అవసరమైతే చెప్పమనే నోటిఫికేషన్ మాత్రం ఆన్ చేయండి.

ఫోను హాట్‌స్పాట్ మీద బతికే ఇళ్లలో ఇంకో బెడద. అప్‌డేట్ వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ దాటుతుంది, ఆ రోజు డేటా అంతా మధ్యాహ్నానికే ఖాళీ. వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్ తెరిచి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేస్తే చాలావరకు ఆగుతుంది. నెలకొకసారి కేబుల్ నెట్ ఉన్న ఇంటికి తీసుకెళ్లి అక్కడ దించుకోండి.

అప్‌డేట్ మధ్యలో శాతం అంకె ఒకచోట ఆగిపోతే కంగారుపడి పవర్ బటన్ నొక్కిపట్టకండి. నాలుగు సెకన్లు పట్టుకుంటే చాలు, డెస్క్‌టాప్ నిలువునా ఆగిపోతుంది. సగం ఫైళ్లు పాతవి, సగం కొత్తవి అయిన స్థితి అదే. పాత హార్డ్ డిస్క్‌తో గంట, రెండు గంటలు పట్టవచ్చు. డిస్క్ దీపం మిణుకుమంటోందంటే పని జరుగుతోంది. ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అని కనిపిస్తే చేసింది వెనక్కి తీసుకుంటోంది, దాన్నీ పూర్తి కానివ్వండి. ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ నొక్కితే ఆగకుండా మళ్లీ లేచి లాగిన్ తెర దగ్గర నిలబడే లోపం విండోస్ 11లో చాలాకాలం ఉంది, 2025 అక్టోబర్ చివరి అప్‌డేట్‌తో సరిచేశారు. మీది పాతదైతే ఆగిందో లేదో చూసి మరీ పడుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, కరెంటు పోయినా డెస్క్‌టాప్‌కు ఏం కాదు అనుకోవద్దు. కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె, బయటి కరెంటు తెగాక పదహారు పదిహేడు మిల్లీసెకన్లే బండి లాగగలదు. ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యంగా మారితే రీస్టార్టే. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్, నార్మల్ అని చిన్న మీట ఉంటుంది, కొన్నిటి మీద నార్మల్ బదులు ఎకో అని రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు ఉంటేనే కంప్యూటర్ నిలబడేంత త్వరగా మారుతుంది. అలా పెడితే ఓల్టేజీ బాగా పడిన సాయంత్రాల్లో ఇన్వర్టర్ తరచూ బ్యాటరీ మీదికి వెళ్తుంది, నాన్నను అడిగి మార్చండి. విడిగా 600 వీఏ యూపీఎస్ ఉంటే బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు పది పదిహేను నిమిషాలు ఇస్తుంది. ఫైలు సేవ్ చేసి హైబర్నేట్ చేయడానికి అది చాలు, అప్‌డేట్ పూర్తి చేయడానికి చాలదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, బ్యాటరీ సగానికి పైన ఉన్నప్పుడే అప్‌డేట్ మొదలుపెట్టండి.

వాన, ఉరుములు మొదలైతే డెస్క్‌టాప్‌ను హైబర్నేట్ చేసి, దీపం ఆరాక ప్లగ్గూ నెట్ కేబులూ రెండూ పీకేయండి. పిడుగు కరెంటు తీగ మీదే రావాలని లేదు, నెట్ కేబుల్ మీదా వస్తుంది.

ఈ ఉత్తరం చదవగానే అప్ టైమ్ సంఖ్య చూసి, ఎవరిది ఎన్ని రోజులుందో నాకు రాయండి.

మీ తాతయ్య